తలుపు మీద చెయ్యి

ప్రకటనలో పెద్దక్షరాలు: ఫ్రెషర్లకు ఆహ్వానం.
కింద చిన్నక్షరాలు: మూడేళ్ల అనుభవం తప్పనిసరి.
బ్రాడీపేట జిరాక్సు షాపతను
నా రెజ్యూమే తిప్పి చూసి
"రెండో పేజీ ఖాళీయే కదమ్మా, ఒక్కటే తీస్తా" అన్నాడు.
రెండు రూపాయలు మిగిలాయి.

"డెవాప్సంటే ఏం పనే?" అమ్మ అడిగింది,
యార్డు నుంచొచ్చి
పొద్దంతా మిరపకాయల తొడాలు తీసిన వేళ్లు
మజ్జిగ గిన్నెలో ముంచుకుని.
ఒకళ్లు రాసిన కోడు
పాడవకుండా జనం దాకా చేర్చి
రాత్రీపగలూ నడిచేట్టు చూడ్డం, అన్నాను.
"అంటే హమాలీయా?"
కాదనబోయి ఆగాను.

ఉచిత క్లౌడ్ ఖాతాకి కార్డు కావాలట.
రెండు రూపాయలు పట్టుకుని తిరిగి ఇచ్చేస్తారట.
రెండు రూపాయలున్నాయి.
కార్డు లేదు.

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
అటక మీద ఓ పాత కంప్యూటరు.
మూత తీస్తే ఎర్రదుమ్ము, పదకొండు తుమ్ములు.
లెక్కపెట్టింది గుమాస్తా మస్తాన్‌వలి గారు.
"తీసుకో హెప్సిబా, అది చచ్చి మూడేళ్లు."
చావులోనైనా దానికి మూడేళ్ల అనుభవం ఉంది.

లినక్స్ ఎక్కించాను.
నాలుగు గదులకి నాలుగు సెన్సర్లు,
ఐదు నిమిషాలకోసారి డిగ్రీలు అడిగే చిన్న స్క్రిప్టు.
పది దాటితే నా ఫోను మోగాలి.
వలి గారికి మాత్రం స్క్రీను మీద నమ్మకం లేదు.
రాత్రి రెండింటికి లేచి, లుంగీ బిగించి,
ఒక్కో తలుపు అంచు రబ్బరు మీద అరచెయ్యి ఆనించి
పిల్లలకి జ్వరం చూసినట్టు చూసొస్తారు.
నేను నవ్వుకున్నాను. ఎందుకు దాచడం.

మే నెల, ఆదివారం తెల్లవారుజామున
మూడో గది కంప్రెసరు ఆగింది.
నా ఫోను మోగలేదు.
ఐదు నిమిషాలకోసారి "అంతా బాగుంది" అని
నేనే రాయమన్న లాగులు
డిస్కులో గొంతుదాకా పేరుకుని
"బాగాలేదు" అని రాసుకోడానికి
చోటు మిగల్చలేదు.

వలి గారి చెయ్యి మోగింది.
"మూడోదానికి ఒళ్లు వెచ్చబడిందమ్మా."
నేను సైకిలేసుకుని వెళ్లేసరికి
మెకానిక్కు చేతులు తుడుచుకుంటున్నాడు.
తొమ్మిదొందల బస్తాల తేజ రకం,
ఎవరెవరి ఏడాదంతానో.
పాడవలేదు.
ఆయన తిట్టలేదు కూడా. తిడితే బాగుండేది.
టీ గ్లాసు నా చేతికిచ్చి, ఖాళీగా ఉన్న రెండో చెయ్యి పట్టుకుని
రబ్బరు మీద పెట్టారు:
"ఇదీ బాగున్నప్పటి చల్లదనం. గుర్తుపెట్టుకో."

బెజవాడ, బెంజి సర్కిలు, ఐదో అంతస్తు.
"కాలేజీ ప్రాజెక్టులొద్దు. నిజంగా నడుస్తున్నదాన్ని
ఎప్పుడైనా పాడుచేశావా?"
చేశాను, అన్నాను.
డిస్కు గురించి చెప్పాను, చెయ్యి గురించి చెప్పాను.
ఇప్పుడు పాత లాగులు వారానికోసారి చెరిగిపోతాయి,
స్క్రిప్టు పది నిమిషాలు నోరెత్తకపోయినా ఫోను మోగుతుంది,
మౌనానికీ అలారం పెట్టాను, అన్నాను.
ఆవిడ పెన్ను ఆపి
"ఆ వలి గారు మాకొస్తారా?" అంది.
నవ్వాలో వద్దో తెలియలేదు.

కబురు చేస్తామన్నారు.
పన్నెండు రోజులైంది.
వాళ్ల మౌనానికి అలారం ఎక్కడ పెట్టాలో
ఏ పాఠంలోనూ లేదు.

రాత్రి రెండింటికి మాత్రం ఫోను మోగుతుంది.
"నాలుగూ చల్లగానే ఉన్నాయమ్మా."
అంతా బాగుంటే చెయ్యక్కర్లేదండీ అన్నాను నిద్రమత్తులో.
"మరి, నేనున్నానని
నీకెట్లా తెలుస్తుంది?"